రెండో రికార్డు పుస్తకం

ఫిబ్రవరి 9, సోమవారం

ఫెబా, నిన్న నువ్వన్నది తప్పు. "సగం అయిపోయాయి అమ్మమ్మా, ఇంకెంత!" అన్నావు. నలభైలో సగం ఇరవై. నువ్వు రాసినవి పదకొండు. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు లెక్కపెట్టాను.

ఈ మాట నీ ముఖాన అనలేక ఇక్కడ రాస్తున్నాను. అంటే ఏడుస్తావు. ఏడిస్తే ఆ పూట కూడా పోతుంది.

ఈ డైరీ బెన్నీ పురుగుమందుల కొట్టువాళ్లు చర్చిలో పంచిపెట్టింది. ప్రతి పేజీ అడుగునా రైతుకొక సలహా ఉంటుంది. ఇవాళ్టిది: "తెగులు కనిపించాక కాదు, కనిపించకముందే మేల్కొనండి." ముప్ఫై ఆరేళ్లు సైన్సు టీచరుగా చేసి, అందులో ఆరేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, చివరికి పురుగుమందుల కొట్టు చేత చెప్పించుకుంటున్నాను.

సంగతి ఇదీ. మార్చి ఇరవై, సాయంత్రం నాలుగింటికి రెండు రికార్డు పుస్తకాలు బీఈడీ కాలేజీలో ఇవ్వాలి. ఒక్కోదానిలో ఇరవై పాఠాలు. పాఠాలు ఫెబా డిసెంబరులోనే ట్రైనింగులో భాగంగా ఒక హైస్కూల్లో చెప్పేసింది. చెప్పినవాటిని పద్ధతి ప్రకారం రాయడమే మిగిలింది. ఇవ్వకపోతే హాల్ టికెట్ లేదు. కిందటేడు ఇలాగే తప్పింది. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్లు కాగితం మీద రాసిచ్చారు.

పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కాలేజీ. రెండు నుంచి ఎనిమిది దాకా మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటరు ముందు. మిగిలిన టైము దానిదే. ఆ మిగిలిన టైమే ఎక్కడికి పోతోందో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

తెలిసింది. టైంటేబుల్‌కి పోతోంది.

మూడు రోజుల నుంచి నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో ఒక చార్టు గీస్తోంది. ఎర్రగళ్లలో కోల్డ్ స్టోరేజీ, నీలంగళ్లలో కాలేజీ, ఆకుపచ్చలో రికార్డు, పసుపులో "విశ్రాంతి". చాలా అందంగా ఉంది. ఆ చార్టు ప్రకారం ఈ మూడు రోజుల్లో ఆరు పాఠాలు అయిపోవాలి.

"ఎన్ని రాశావే?" అన్నాను.

"ఇవాళ ప్లానింగు అమ్మమ్మా. రేపట్నుంచి ఎగ్జిక్యూషన్."

"ఉరిశిక్షకి కూడా ఆ మాటే వాడతారు."

నవ్వింది. నవ్వితే వాళ్లమ్మ జెస్సీలాగే ఉంటుంది. జెస్సీ సంగతి వేరు. జెస్సీకి డిగ్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజు జ్వరం.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఫెబా కోల్డ్ స్టోరేజీకి వెళ్లాక రెండో రికార్డు పుస్తకానికి మార్జిన్లు గీసిపెట్టాను. మార్జిన్లు మాత్రమే. మార్జిన్లు గీయడం రాయడం కిందికి రాదు.

ఫిబ్రవరి 16, సోమవారం

శీర్షికలు కూడా రాశాను. బోధనా లక్ష్యాలు, స్పష్టీకరణలు, నల్లబల్ల పని, మూల్యాంకనం, చివర ఇంటిపని. ఇవి నలభై పాఠాలకీ ఒకటే. దీనికి బుర్రతో పనిలేదు, కాబట్టి ఇది సాయం కిందికీ రాదు.

దాని రాత గుండ్రం, నాది కోణాలు. ముప్ఫై ఆరేళ్లు ఊరందరి పిల్లల రాతలూ దిద్దినదాన్ని, మనవరాలి గుండ్రాలు నాకొక లెక్కా?

చెయ్యి కొంచెం వణికింది. కొంచెమే. డాక్టరు చీటీ నవంబరు నుంచీ బైబిల్లో ఉంది. ఫెబా రికార్డులు అయ్యాక చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

ఈస్టరు దాకా ఈ నలభై రోజులూ కాఫీ మానేశాను. పాస్టరుగారు ఒక్కొక్కరినీ "మీరేం విడిచిపెడుతున్నారు?" అని అడిగారు. ఫెబా "ఫోను చూడ్డం" అంది. ఆ ముక్క ఫోనులో స్టేటస్ కూడా పెట్టింది.

ఫిబ్రవరి 19, గురువారం

ఒక్క పాఠం రాశాను. "నేల – రకాలు". దాని స్కూలు నోట్సు చూసే రాశాను, నా సొంతం ఏమీ లేదు. ఒక్కటి నమూనా కింద ఉంటే మిగతావి అదే అందుకుంటుంది. పిల్లలకి నమూనా చూపించకుండా పని చెప్పకూడదని నేనే ట్రైనింగుల్లో చెప్పేదాన్ని.

పుస్తకం బల్ల మీదే వదిలేశాను. ఫెబా వచ్చింది. చూసింది. తీసి అరలో పెట్టింది.

అది అడగలేదు. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

నాలుగు నమూనాలు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇవాళ "పుష్పం – భాగాలు" రాశాను. వరసలో చూస్తే ఇది మొదటి పుస్తకంలో పన్నెండోది కావాలి. పదకొండు రాసి సరిగ్గా దీని దగ్గరే ఆగిపోయింది. తేలిక పాఠం. ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. అందుకే రెండో పుస్తకంలో నేనే పూర్తిచేశాను.

మందారాన్ని నిలువుకోతలో గీశాను. ఆకర్షణ పత్రాలు, కేసరనాళం, దాని చివర అయిదు కీలాగ్రాలు, అడుగున అండాశయం. గీస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. గంటన్నర పాటు నాకు డెబ్భై ఒక్క ఏళ్లు లేవు. ఇది రాయకూడదు, రాశాను.

పేజీ అడుగున బెన్నీ సలహా: "మోతాదు మించితే మందే విషం."

వీడెవడో నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు.

మార్చి 2, సోమవారం

తొమ్మిది.

ఫెబా రాసినవి పదకొండు, శనివారంతో పన్నెండు. ఇరవై రోజుల్లో ఒక్కటి! మునుపు ఆదివారాలైనా ఆ పుస్తకం తెరిచేది. ఇప్పుడు తెరవడం లేదు. నిన్న చర్చి నుంచి వచ్చి, రికార్డు రాయడానికి చోటు కావాలని బీరువా మొత్తం సర్దింది. చీరలన్నీ రంగుల వరసలో పేర్చింది. చోటు వచ్చింది. నిద్ర కూడా వచ్చింది.

మార్చి 5, గురువారం

పొద్దున గొడవ అయింది.

"కోల్డ్ స్టోరేజీలో రోజుకి ఎన్ని బస్తాల వివరాలు ఎక్కిస్తావే?"

"సీజనుగదా, మూడు వేలదాకా."

"ఒక్కటైనా రేపటికి వదిలేస్తావా?"

"ఎట్టా వదుల్తా? లారీలు బయట నిలబడుంటాయి. సాల్మన్ సార్ ఊరుకుంటాడా?"

"మరి ఇక్కడ?"

జడ వేసుకుంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి అంది. "అక్కడ తప్పయితే బస్తా తప్పవుద్ది అమ్మమ్మా. ఇక్కడ తప్పయితే నేను తప్పవుతా."

ఆ మాట పొద్దున్నుంచీ నమిలాను. మింగుడుపడలేదు. చేసిందేమిటంటే, ఇంకో రెండు పాఠాలు రాసిపెట్టాను.

మార్చి 7, శనివారం

పద్నాలుగు. చెయ్యి వణికి "జీర్ణక్రియ" దగ్గర ఒక గీత పక్కకి పోయింది. దాన్ని పేగు మలుపుగా మార్చేశాను.

ఫెబాది పదమూడుకి చేరింది. రేపు జెస్సీ వస్తోంది.

మార్చి 8, ఆదివారం

రాయడం ఇష్టం లేదు. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంచుకుంటాను. నాకా విద్య వచ్చు.

జెస్సీ వేటపాలెం నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది. జీడిపప్పు కార్ఖానాలో పని. వేళ్లకి జీడి మరకలు, ఎంత తోమినా పోవు. భోజనాలయ్యాక ఫెబా బట్టలు ఆరేయడానికి డాబా పైకి వెళ్లింది. జెస్సీ అరలోంచి రెండో పుస్తకం తీసింది. కూతురి రాత చూసి మురుద్దామనుకుంది, అంతే. చీరకొంగుతో వేళ్లు తుడుచుకుని మరీ పేజీలు తిప్పింది.

మందారం దగ్గర ఆగింది.

పుప్పొడి తిత్తుల మీద వేలు పెట్టింది.

"అమ్మా, ఇది నా పువ్వు."

"నీ పువ్వేంటే? మందారం ఎవరు గీసినా మందారంలాగే ఉంటుంది."

"పుప్పొడి తిత్తులకి మూడేసి చుక్కలు ఎవరూ పెట్టరు, నువ్వు తప్ప. నా డిగ్రీ రికార్డులో కూడా మూడేసి చుక్కలే."

"శీర్షికలు మాత్రమే నేను..." అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. హోంవర్కు చేయని పిల్లలు నా ముందు నిలబడి మాట్లాడే గొంతు అది. అచ్చం అదే.

జెస్సీ నవ్వింది. అరిచి ఉంటే బాగుండేది.

"ఆ రోజు నాకు జ్వరం లేదమ్మా. ఇరవై ఆరేళ్ల నుంచీ అందరికీ జ్వరం అని చెప్పావు. నేనూ సరేలే అనుకున్నా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నా రికార్డు తెరిచి, చాలా బాగుందమ్మా, ఈ చేత్తోనే ఇప్పుడొకటి గియ్యి అని తెల్లకాగితం ఇచ్చాడు. నాకు రాలా. పెన్సిలు అక్కడ పెట్టేసి లేచొచ్చేశా."

"నీకు టైము లేక కదా నేను..."

"నాకు టైముందమ్మా. భయం ఉంది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే అయిపోయుండేది. మొదట్లో హమ్మయ్య అనుకున్నా. తర్వాత్తర్వాత, ఇది నేను లేకపోయినా అయిపోయేదే కదా అనిపించింది. చదువుకి నాతో పనిలేదనిపించింది."

ఫెబా తలుపు దగ్గర ఖాళీ బకెట్‌తో నిలబడి ఉంది. ఎప్పుడు దిగివచ్చిందో చూడలేదు.

"నీకు తెలుసా?" అంది జెస్సీ దాన్ని.

"తెలుసు."

"మరి చెప్పలేదేంటే అమ్మమ్మకి?"

"చెప్తే ఆపేసుద్దని," అంది ఫెబా. బకెట్ కింద పెట్టి ఏడ్చింది. నేను చెప్పానుగా, ఏడుస్తుందని.

ఆ పుస్తకాన్ని జెస్సీ తన సంచిలో పెట్టుకుంది. "ఇది నాతో వేటపాలెం వస్తది. కొత్తది కొనుక్కో," అంది. ఫెబా లెక్క చెప్పింది. మొదటి పుస్తకంలో ఏడు, కొత్త పుస్తకంలో ఇరవై. మొత్తం ఇరవై ఏడు. పన్నెండు రోజులు.

బస్టాండులో బస్సు కదిలేముందు జెస్సీ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. వదిలి, మళ్లీ పట్టుకుంది. "వణుకుతుంది ఏందమ్మా ఇది?"

"బస్సు ఇంజను," అన్నాను.

మార్చి 9, సోమవారం

కొత్త పుస్తకం వచ్చింది. మార్జిన్లు లేవు. పొద్దున్నుంచీ అది బల్ల మీద ఉంది, నేను కుర్చీలో ఉన్నాను. మూడుసార్లు స్కేలు తీశాను. మూడుసార్లూ లోపల పెట్టాను. నాలుగోసారి పెట్టలేదు. ఒక్క పేజీకి గీశాను. చించేశాను. చించిన ముక్క ఎక్కడ దాచాలో తెలియక బియ్యం డబ్బాలో పడేశాను.

తాగుడు మానినవాళ్లు చర్చిలో సాక్ష్యం చెబుతుంటే, ఇంట్లో సీసా ఉంచుకోవడమెందుకు, తెలివి తక్కువ కాకపోతే, అనుకునేదాన్ని. ప్రభువు అన్నీ విని, ఎవరి వంతు వాళ్లకి పంపిస్తాడు.

దేవా, ఈ చెయ్యి పట్టుకో. వణుకు ఉండనీ. ముందు రాయకుండా పట్టుకో.

మార్చి 10, మంగళవారం

అద్దాలు ఫెబా సంచిలో పెట్టి పంపేశాను. "నువ్వొచ్చేదాకా నాకివ్వకు" అన్నాను. ఎందుకని అడగలేదు. అద్దాల కాడ వదులుగా ఉందని రుమాల్లో చుట్టి పెట్టుకుంది.

ఈ అక్షరాలు గీత మీద ఉన్నాయో గీత కింద ఉన్నాయో నాకు తెలియదు. ఇరవై అయిదు మిగిలాయట.

మార్చి 11, బుధవారం

దగ్గరివేవీ కనిపించడం లేదు. బియ్యంలో రాళ్లు వేళ్లతో వెతికి ఏరాను. కాఫీ మానడం దీని ముందు విందు.

మార్చి 12, గురువారం

ఇవాళ అద్దాల కోసం కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. కాదు, అబద్ధం. అది అక్కడ రాస్తున్నానంటోంది, నిజమో కాదో చూద్దామని వెళ్లాను. చేతిలో ఉప్మా క్యారియరు, సాకుగా.

గేటు దగ్గర ఆటో దిగగానే ఘాటు గొంతు పట్టుకుంది. ఏడు తుమ్ములు. వాచ్‌మన్ ఎనిమిదోదాని కోసం మర్యాదగా ఆగి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

వెనక రేకుల షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, తెల్లబడిన తాలుకాయ వేరుచేస్తున్నారు. వాళ్ల వెనక మనిషెత్తు ఎర్ర కుప్ప. టీ విరామం అనుకుంటాను. వాళ్ల మధ్య గోనెసంచి మీద ఫెబా, ఒళ్లో రికార్డు. ముక్కుకి చున్నీ కట్టుకుని రాస్తోంది.

పక్కనున్న పెద్దావిడ నన్ను చూసి జరిగి చోటిచ్చింది. పేరు సుబ్బరావమ్మ. నా వయసే ఉంటుంది. చేతులు మాత్రం ఇరవై ఏళ్లవాళ్లవి. ఒక్క వణుకు లేదు.

"మీ మనవరాలాండీ? మొన్న ఇక్కడ కూర్చుని ఒకటే ఏడుపు. ఇరవై అయిదున్నాయి, నావల్ల కాదంటది. నేనన్నా, పిచ్చిదానా, ఆ కుప్ప చూడు. పొద్దున్నే దాన్ని చూస్తే ఎవత్తెకైనా కూలికి రాబుద్దవుద్దా? మేం దానికి వీపు పెట్టి కూర్చుంటాం. ఎందుకనుకున్నావు? చేటలోకి వచ్చిందే మనది. చేట ఖాళీ అయితే ఇంకో చేట."

చూశాను. నిజమే. పదహారుమంది ఆడవాళ్లు, ఒక్కరి మొహం కూడా కుప్ప వైపు లేదు.

ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి క్రమశిక్షణ మీద ఉపన్యాసాలిచ్చాను. ఎటు తిరిగి కూర్చోవాలో ఒక్కరికీ చెప్పలేదు.

ఫెబా తలెత్తింది. ముక్కు మీద చున్నీ, కళ్లలో నీళ్లు. ఏడుపు కాదు, ఘాటు. "అమ్మమ్మా, ఇరవై ఒకటి," అంది.

తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. నాతో కాదు, సుబ్బరావమ్మతో అంటుంటే నేను విన్నాను. డిసెంబరులో "పుష్పం" పాఠం చెబుతుంటే, వెనక బెంచీ పిల్ల లేచి అడిగిందట. "టీచర్, మా చేలో పత్తిపువ్వు ఇయ్యాల తెల్లగా ఉంటది, రేపటికి ఎర్రగా అయిపోద్ది, ఎందుకు?" దీనికి తెలియలేదు. తెలియదని చెప్పనూ లేదు. నోరు తెరిచి అలాగే నిలబడింది. పిల్లలు నవ్వారు. వెనక కూర్చున్న లెక్చరరు ఎర్రపెన్నుతో ఏదో రాసుకున్నాడు. ఇది సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

ఒకతి పెన్సిలు పెట్టేసి వచ్చింది. ఇంకొకతి సుద్దముక్క పెట్టేసి వచ్చింది. ఇద్దరికీ తెలియదని చెప్పడం రాలేదు. ఎవరింట్లో పెరిగారు? తప్పు సమాధానానికి స్కేలుతో వేళ్ల మీద కొట్టే టీచరమ్మ ఇంట్లో.

"అంతేనా?" అంది సుబ్బరావమ్మ. చేతులు ఆగలేదు. "పని అయిపోయిన పువ్వమ్మా అది. పురుగొచ్చి పుప్పొడి అంటిచ్చి వెళ్లిపోయాక ఇంక దానికి అవసరం లేదు. నా దగ్గరికి రామాకండి, పక్కన తెల్లదాని దగ్గరికి పొండి అని చెప్పుద్ది. కాయ లోపల పడే ఉంటది."

దీన్నే నేను వర్ణకాలూ పరాగసంపర్కం అంటూ మూడు పేజీలు చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. తెరిచి, మూసుకున్నాను.

పని అయిపోయిన పువ్వు. సుబ్బరావమ్మ ఆ మాట నా వైపు చూసి అనలేదు. కాయ మీదే చూపు.

మార్చి 15, ఆదివారం

పదమూడు మిగిలాయి. పేజీలు వేళ్లతో తడిమి లెక్కపెట్టాను. రాసిన పేజీ గరుకుగా ఉంటుంది.

మార్చి 17, మంగళవారం

అంతా పోయేలా ఉంది.

సీజను మధ్యలో ఇద్దరు ఆపరేటర్లు మానేశారట. ఫెబాని పది దాకా ఉండమని సాల్మన్ అడిగాడు. అది నిన్న ఉంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునే నిద్రపోయింది. ఇవాళ పొద్దున మెడ తిప్పలేకపోయింది. తొమ్మిది మిగిలాయి.

"వదిలేద్దాం అమ్మమ్మా. ఉద్యోగం ఉందిగా. అమ్మ వదిలెయ్యలా? బతకట్లా?" అంది.

నా దగ్గర సమాధానం ఉంది. మొన్నటిదాకా అయితే, నువ్వు పడుకో, నేను చూసుకుంటా అనేదాన్ని. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితంలో నాకు బాగా వచ్చిన వాక్యం అదే.

"నీ ఇష్టం," అన్నాను. "అద్దాలు మాత్రం తీసుకుపో."

నా వంక చూసింది. అద్దాలు తీసుకుంది. సంచిలో రికార్డు కూడా పెట్టుకుందో లేదో నాకు కనపడలేదు. బల్ల తడిమాను. లేదు. బల్ల మీద లేదు.

మంచం మీద కూర్చుని, పెద్ద వయసులో సిగ్గు లేకుండా ఏడ్చాను. ప్రార్థన అనలేను. ప్రార్థనలో ఇన్ని తిట్లు ఉండవు.

మార్చి 18, బుధవారం

సాల్మన్‌తో ఎనిమిది దాటితే కుదరదని చెప్పిందట. "ఏమన్నాడు?" అన్నాను. "ఏమీ అనలా. ముందే చెప్పొచ్చుగా అన్నాడు."

ఆరు.

మార్చి 19, గురువారం

మూడు.

మార్చి 20, శుక్రవారం, పొద్దున

ఒకటి. ఏదో చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా చివరికి తోసిపెట్టింది దాన్నే.

ఆరింటికి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. రాత అయిపోయింది. బొమ్మకి చోటు ఖాళీగా ఉంది. పెన్సిలు చెక్కింది. మళ్లీ చెక్కింది. ముక్కు విరిగితే మళ్లీ చెక్కింది. ఏడుంబావు అయింది.

"అమ్మమ్మా."

"ఊఁ."

"బొమ్మ ఒక్కటీ గీసిపెట్టవా? ఒక్కటే. మిగతా ముప్ఫై తొమ్మిదీ నావే కదా. ఎనిమిదింటికి బస్సు."

కళ్లద్దాలు నా కళ్లకే ఉన్నాయి. చెయ్యి కూడా, ఏం చిత్రమో, నిశ్చలంగా ఉంది. పది నిమిషాల పని. మూడేసి చుక్కలు పెట్టకుండా గీసినా ఎవరికీ తెలియదు.

ఒక్క బొమ్మ వల్ల హాల్ టికెట్ పోతే? జెస్సీ రెండుసార్లు ఓడినట్టు కాదా? ఈ పిల్లని కూడా నేనే ముంచినట్టు కాదా? ఇంత వాదన ఆ క్షణంలో నా లోపల జరిగింది. ఇద్దరు లాయర్లూ నేనే.

"గీయను," అన్నాను.

ఫెబా తల వంచుకుని గీయడం మొదలుపెట్టింది. నేను చేతులు ఒళ్లో కట్టుకుని దానికి వీపు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఏడున్నర దాటాక పుస్తకం నా ముందుకు తోసింది.

"వంకాయలా ఉంది," అన్నాను.

"మందారమే."

"వంకాయకి అయిదు కీలాగ్రాలు మొలిచినట్టుంది."

"అయిదున్నాయిగా? లెక్కపెట్టావుగా? చాలు."

నవ్వుతూ పుస్తకం లాక్కుంది. లాక్కునేలోగా అడుగున స్వీయ మూల్యాంకనం గడిలో రాసింది చదివాను. "పత్తిపువ్వు రంగు మారడం గురించి విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నాకు సమాధానం తెలియలేదు. తెలియదని చెప్పి ఉండవలసింది. తర్వాత సుబ్బరావమ్మగారిని అడిగి తెలుసుకున్నాను."

హెడ్‌మిస్ట్రెస్‌గా ఆరేళ్లలో వందల రికార్డులు చూశాను. ఆ గడిలో నిజం చదవడం ఇదే మొదటిసారి.

వెళ్లేముందు అలవాటుగా నా అద్దాల కోసం చెయ్యి చాపింది. "ఇవాళ్టి నుంచి వద్దులే," అన్నాను.

అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. వాళ్లమ్మ పట్టుకున్నట్టే, వదిలి, మళ్లీ. "అమ్మమ్మా, ఇక్కడ బస్సు ఇంజను లేదుగా."

ఇద్దరూ మాట్లాడుకున్నారన్నమాట.

అదే రోజు, సాయంత్రం అయిదు

ఫోను చేసింది. సాల్మన్‌ని రెండు గంటలు పర్మిషన్ అడిగి, మూడూ ఇరవైకి ఇచ్చేసిందట. రెండు పుస్తకాల మీదా సంతకం పడింది. హాల్ టికెట్ సోమవారం. లెక్చరరు మందారం దగ్గర ఆగి, "ఇది నువ్వే గీశావని మాత్రం నమ్ముతున్నానమ్మా," అన్నాడట. అదే లైన్లో జెస్సీకి కూడా ఫోను కలిపి ఉంచింది. జెస్సీ వైపు నుంచి చాలాసేపు కార్ఖానా చప్పుడు వినిపించింది. తర్వాత "సరే, పనుంది," అంది.

వైవా ఇంకా ఉంది. పరీక్షలు ఉన్నాయి. అవి కుప్ప. అటు చూడను.

నా చేటలో ఉన్నది ఒకటే. ఫెబా, ఎనిమిదిన్నరకి వస్తావుగా, ఈ పేజీ తెరిచి బల్ల మీద పెడుతున్నాను. వెనక పేజీలు తిప్పకు. తిప్పుతావని తెలుసు.

రేపు శనివారం. నీకు కాలేజీ లేదు, రెండుదాకా ఖాళీయే. ఆటో యలమందకి ఇప్పుడే ఫోను చేసి, ఆరున్నరకి గుమ్మం ముందు ఉండమని చెప్పు. నరాల డాక్టరు ఓపీ దగ్గర టోకెన్లు ఏడింటికి ఇస్తారు, క్యూలో నువ్వు నిలబడు. కాఫీ ఫ్లాస్కు వద్దు, ఈస్టరు ఇంకా రెండు వారాలుంది. వచ్చేటప్పుడు కళ్లద్దాల షాపు తెరిచి ఉంటే ఈ వదులు కాడకి స్క్రూ బిగించాలి. చీటీ ఎక్కడో పెట్టి మర్చిపోయానంటే నమ్మకు. బైబిల్లో, యోబు నోటిమీద చెయ్యి పెట్టుకునే నలభయ్యో అధ్యాయం దగ్గర ఉంది.